మండే రాయి, మా ఇల్లెందు బొగ్గు

నేను ఉత్తర యూరప్‌లోని ఎస్తోనియాకి బయల్దేరే ముందు రోజు రాత్రి నాన్న అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, చలి గురించి కూడా కాదు. "ఆడ బాయిలున్నయారా?" అని అడిగారు. మాది ఇల్లెందు. మా వైపు బాయి అంటే నీళ్ల బావి ఒక్కటే కాదు, బొగ్గు గని కూడా బాయే. నాన్న ముప్పై ఏళ్లు భూమి కింద పని చేసి రిటైర్ అయిన మనిషి, ఏ దేశం పేరు విన్నా అక్కడ నేల కింద ఏముందో తెలిస్తే తప్ప ఆయనకి ఆ దేశం అర్థం కాదు. ఏమో నాన్నా, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు ఉన్నాయి, అంతవరకే తెలుసు అన్నాను.

తీరా ఇక్కడికొచ్చి రెండేళ్లు గడిచాక గానీ తెలియలేదు, నేను రోజూ లాప్‌టాప్ చార్జింగ్ పెట్టుకునే కరెంటులో పెద్ద భాగం ఒక బాయి నుంచే వస్తోందని. బొగ్గు కాదు, రాయి. ఎస్తోనియా భాషలో దాన్ని పోలెవ్‌కివి అంటారు. పోలెవ్ అంటే మండే, కివి అంటే రాయి. మండే రాయి, అంతే. ప్రపంచమంతా ఆయిల్ షేల్ అంటుంది. అమెరికాలో భూమిని పగలగొట్టి తీసే షేల్ గ్యాస్ వేరు, ఇది వేరు, రెండూ ఒకటనుకుని నేను కూడా కొన్నాళ్లు పొరబడ్డాను. ఇది గట్టి రాయి, బొగ్గులాగే మనుషులు కిందికి దిగి తవ్వి తీయాలి.

ఆ తవ్వే పని ఎక్కువగా చేసేది ప్రభుత్వ కంపెనీ. దాని కథ చదువుతూ పోతే నాకు మా ఊరి కథే వేరే భాషలో చదువుతున్నట్టు అనిపించింది, అందుకే ఈ పోస్టు. ఇక్కడ చదువుకోడానికి వచ్చే మన పిల్లలు చాలామంది టాలిన్, టార్టూ చూసి, ఓడెక్కి హెల్సింకి చూసి వెళ్లిపోతారు. తూర్పు వైపు రైలెక్కి రెండు గంటలు కూర్చుంటే ఈ దేశాన్ని ఇన్నేళ్లు మోసిన చోటు వస్తుంది, అటు ఎవరూ పోరు.

ఆ ప్రాంతం పేరు ఈదా-విరుమా. రష్యా సరిహద్దు దాకా ఉంటుంది, చివర్న నార్వా నది, నది అవతలి ఒడ్డున రష్యా. టాలిన్ నుంచి నార్వా రైల్లో వెళ్తుంటే మొదట అంతా చదునుగా అడవి, పొలాలు, మళ్లీ అడవి. పెద్ద కొండ అన్నదే కనపడని దేశం ఇది. కివియోలి దగ్గర పడగానే ఉన్నట్టుండి కిటికీలో ఒక గుట్ట లేస్తుంది. నేను సీట్లోంచి లేచి నిలబడిపోయాను. ఇల్లెందు, కొత్తగూడెం వైపు పెరిగిన వాడికి అది దేవుడు పెట్టిన గుట్ట కాదని చూడగానే తెలిసిపోతుంది. మన ఓసీల (ఓపెన్ కాస్ట్, అంటే నేల పైనుంచే తవ్వే గనుల) పక్కన మట్టి కుప్పలు ఎలా ఉంటాయో అలాగే, పైన బల్ల పరిచినట్టు, పక్కలు ఏటవాలుగా. కాకపోతే ఇది మట్టి కాదు, రాయిలోంచి నూనె పిండేశాక మిగిలిన పిప్పి, బూడిద. ఇప్పుడు దాని మీద చలికాలం స్కీయింగ్ చేస్తున్నారు. దేశం నలుమూలల నుంచీ పిల్లల్ని తీసుకొస్తారు, ఎందుకంటే అంత ఎత్తు నుంచి జారే చోటు ఈ చదును నేలలో ఎక్కడా సులువుగా దొరకదు.

ముందు ఆ రాయి గురించి కొంచెం చెప్పాలి, అది లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు. దాదాపు 45 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. అందులో పెరిగిన నాచులాంటి సూక్ష్మజీవులు చచ్చి అడుగున పేరుకుని, సున్నపురాయి పొరల మధ్య ఇరుక్కుని, గోధుమ రంగు రాయిగా మారాయి. శాస్త్రంలో దాన్ని కుకర్సైట్ అంటారు, కుక్రుసె అనే ఊరి పాత జర్మన్ పేరు నుంచి వచ్చింది. మన గోదావరి లోయ బొగ్గు దీని ముందు చిన్నపిల్ల, దీని వయసులో సగం కంటే కాస్త ఎక్కువ అంతే. ఇక్కడ పల్లెల్లో ఒక పాత కథ చెబుతారు. ఒక రైతు పొలంలో దొరికిన ఈ రాళ్లతో ఆవిరి స్నానాల గది కట్టుకున్నాడట, మొదటిసారి పొయ్యి వెలిగించగానే గోడలతో సహా కాలిపోయిందట. నిజమో కాదో గానీ రాయిని చేత్తో పట్టుకున్నాక నమ్మబుద్ధవుతుంది.

నేను పట్టుకున్నది కోహ్ట్లా-నొమ్మెలో. అక్కడ 1937 నుంచి 2001 దాకా నడిచిన గనిని మూసేశాక మ్యూజియం చేశారు. లోపలికి తీసుకెళ్లేవాళ్లు మామూలు గైడ్‌లు కాదు, ఒకప్పుడు అక్కడే పనిచేసిన కార్మికులు. మమ్మల్ని తీసుకెళ్లినాయనకి అరవై దాటి ఉంటాయి, మాట్లాడింది రష్యన్‌లో, నాతో వచ్చిన ఆఫీసు మిత్రుడు ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు. హెల్మెట్, పైన వేసుకునే కోటు ఇచ్చారు. లోపల ఏడాది పొడవునా ఒకటే చలి, ఎనిమిది డిగ్రీల దగ్గర. నాకు అదే మొదటి ఆశ్చర్యం. బాయి అంటే నాకు తెలిసింది ఉక్క. నాన్న డ్యూటీ నుంచి వస్తే బనియన్ పిండితే చెమట కారేది, మెడ వెనక బొగ్గు పొడి గీతలు గీతలుగా ఉండేది. ఇక్కడ కార్మికుడు చలికి ముడుచుకుంటూ పని చేశాడన్నమాట.

చిన్న రైలు ఎక్కించి కొంత దూరం తీసుకెళ్లారు, తర్వాత నడక. మా టబ్బుల్లాంటివే టబ్బులు (తవ్వింది మోసే చిన్న బండ్లు), మా గ్యాలరీల్లాంటివే గ్యాలరీలు (లోపలి సొరంగ దారులు). గోడ మీద టార్చి వేసి ఆయన పొరలు చూపించాడు, గోధుమ రంగు గీత, బూడిద రంగు సున్నపురాయి గీత, మళ్లీ గోధుమ రంగు. మండే పొరలూ మండని పొరలూ కలిపి మొత్తం మందం రెండున్నర నుంచి మూడు మీటర్లు. అందులోంచి మండే రాయిని వేరు చేసుకోవాలి. ఒకప్పుడు ఆ వేరు చేసే పని ఆడవాళ్లు చేతులతో చేసేవాళ్లట, బెల్టు మీద రాళ్లు పోతుంటే సున్నపురాయి ఏరి పారేయడం, మనింట్లో బియ్యంలో రాళ్లు ఏరినట్టు, కాకపోతే అక్కడ ఒక్కో రాయి చేతికి మించిన బరువు.

ఆయన ఒక ముక్క నా చేతిలో పెట్టాడు. రాయనుకుని గట్టిగా పట్టుకున్నాను, అంత బరువు లేదు. పాత పుస్తకం అట్ట రంగు. వెలుగులో తిప్పి చూస్తే ఒక పక్కన చిన్న గవ్వ అచ్చు, గోరంత, గీతలతో సహా చెక్కు చెదరకుండా ఉంది. ఇంకో ముక్కకి ఆయన లైటర్‌తో మంట పెట్టాడు. కొంచెంసేపు ఏమీ కాలేదు. తర్వాత అంచున పసుపు మంట, దాని మీద నల్లటి పొగ, రబ్బరు, తారు కలిపి కాల్చినట్టు వాసన. గుంపులో ఉన్న చిన్నపిల్లలు ఓహో అన్నారు. నాకు మాత్రం నోట మాట రాలేదు, ఎందుకంటే ఆ మంట వైపు ఆ పెద్దాయన చూసిన చూపు నాకు బాగా తెలిసిన చూపు. ఇంట్లో పాత క్యాప్ ల్యాంప్ బయటికి తీసినప్పుడల్లా నాన్న కళ్లలో చూసేది అదే.

ఆ రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి ఫొటోలు చూపించాను. ఆయన అడిగిన ప్రశ్నలు ఒక్క టూరిస్టుకైనా తట్టవు.

"రూఫ్‌కు ఏం పెట్టిండ్రు? బోల్టులా, కట్టెలా?"

పైకప్పు కూలకుండా ఏం పెట్టారని ఆయన ప్రశ్న. ఇప్పుడు బోల్టులే నాన్నా, పాత చోట్ల కట్టెలు కూడా చూపించారు.

"గ్యాస్ ఉంటదా?"

లేదట, మన బొగ్గులో వచ్చే గ్యాస్ భయం ఈ రాయిలో లేదట.

"మంచి బాయి. మరి పిల్లర్లు తీస్తరా?"

ఇది తెలియనివాళ్లకి చెప్పాలి. భూమి కింద గదులు గదులుగా తవ్వుతూ మధ్యలో స్తంభాల్లా కొంత భాగం వదిలేస్తారు, పైకప్పు వాటి మీద నిలబడుతుంది. మన దగ్గర తర్వాత ఆ పిల్లర్లు కూడా తీస్తారు, అన్నిటికంటే ప్రాణాల మీదికి వచ్చే పని అదే. కొన్ని చోట్ల ఖాళీలో ఇసుక నింపుతారు. ఎస్తోనియాలో గదుల పద్ధతిలో తవ్విన చోట పిల్లర్లు అలాగే వదిలేస్తారు. రాయి చాలానే భూమిలో ఉండిపోతుంది, అయినా వదిలేస్తారు. అది చెప్పగానే నాన్న కాసేపు మాట్లాడలేదు. "పోనీలే, పైన ఊర్లుంటయి, కింద మనుషులుంటరు" అన్నారు.

ఇక కంపెనీ కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో పెట్రోగ్రాడ్ నగరానికి, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి బొగ్గు అందక కటకటలాడినప్పుడు రష్యా వాళ్లకి ఈ రాయి గుర్తొచ్చింది, 1916లో తవ్వి పంపించి చూశారు. 1918లో ఎస్తోనియా స్వతంత్ర దేశమైంది. ఆ ఏడాది నవంబర్‌లోనే, ఇంకా యుద్ధం ముంచుకొస్తుండగానే, కొత్త ప్రభుత్వం చేసిన తొలి పనుల్లో ఒకటి ఈ రాయి తవ్వడానికి సొంతంగా ఒక సంస్థ పెట్టడం. ఒక దేశానికి సైన్యం, జెండా, డబ్బు ఎంత ముఖ్యమో పొయ్యిలోకి కట్టె అంత ముఖ్యమని వాళ్లకి తెలుసు. మన సింగరేణిలో బొగ్గు 1889లో మా ఇల్లెందు దగ్గరే తీయడం మొదలుపెట్టారు, అది ప్రైవేటు కంపెనీ. 1920లో ఇప్పుడున్న పేరు వచ్చింది, 1945లో నిజాం ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. మా ఊరి పాతోళ్లు దీన్ని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటాను.

రెండో ప్రపంచ యుద్ధం దగ్గరకొచ్చేసరికి ఈ కథ చీకటవుతుంది. జర్మన్లు ఎస్తోనియాని ఆక్రమించాక వాళ్లకి ఈ నూనె కావాలి. వైవారా అనే చోట కేంద్రంగా క్యాంపులు పెట్టి, 1943లో లిథువేనియాలోని విల్నియస్, కౌనస్ ఘెట్టోల (యూదుల్ని బంధించి ఉంచిన పేటల) నుంచి యూదుల్ని తీసుకొచ్చి ఈ గనుల్లో, నూనె ఫ్యాక్టరీల్లో పని చేయించారు. ఎంతోమంది ఆకలితో, చలితో, కాల్పుల్లో చనిపోయారు. కివియోలిలో కూడా ఒక క్యాంపు ఉండేది. నేను రైల్లోంచి గుట్ట చూసి లేచి నిల్చున్న ఊరు అదే. ఆ సంగతి తర్వాత చదివాను.

యుద్ధం తర్వాత సోవియట్ ప్రభుత్వం గనుల్ని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత నలభై ఏళ్లకు పైగా కంపెనీ పేరు ఏస్తి పోలెవ్‌కివి, అంటే ఎస్తోనియా ఆయిల్ షేల్. ఒక్క సంగతి చెబితే అప్పటి లెక్క అర్థమవుతుంది. ఈ రాయి నుంచి గ్యాస్ తీసి పైపులైను వేశారు. 1948లో ఆ గ్యాస్ మొదట చేరింది లెనిన్‌గ్రాడ్‌కి, అంటే పేరు మారిన ఆ పెట్రోగ్రాడ్‌కే. ఎస్తోనియా సొంత రాజధాని టాలిన్‌కి చేరింది 1953లో. గనుల పక్కనే ఉన్న రాజధాని ఐదేళ్లు ఎదురు చూసింది. బొగ్గు మాది, వెలుగు ఇంకెవరిదో అన్న మాట మా ఊళ్లో నేను చిన్నప్పటి నుంచీ విన్నదే కాబట్టి ఆ తారీఖులు చదివినప్పుడు గుండెలో ఏదో కలుక్కుమంది.

తర్వాత నార్వా దగ్గర రెండు పెద్ద పవర్ ప్లాంట్లు కట్టారు, బాల్టిక్ ప్లాంటు 1959లో మొదలైంది, ఎస్తోనియా ప్లాంటు 1969లో. ఒక్కోటి పదహారు వందల మెగావాట్ల పైమాటే. 15 లక్షల జనాభా కూడా లేని దేశంలో అంత కరెంటు ఎవరికి? ఇక్కడి అవసరం తీరగా మిగిలిందంతా లెనిన్‌గ్రాడ్ వైపు, లాత్వియా వైపు పోయేది. 1980లో తవ్వకం శిఖరానికి చేరింది, ఆ ఒక్క ఏడాదే 3 కోట్ల 13 లక్షల టన్నుల రాయి తీశారు. ఆ తర్వాత లెనిన్‌గ్రాడ్ పక్కన అణు విద్యుత్తు పెరిగింది, ఈ రాయి అవసరం తగ్గుతూ వచ్చింది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది టన్నులు కాదు, మనుషులు. ఇన్ని గనులు నడపడానికి ఇక్కడ అంతమంది లేరు. రష్యా నుంచి, ఉక్రెయిన్ నుంచి, బెలారస్ నుంచి కుటుంబాలు కుటుంబాలు కడుపు చేత పట్టుకుని వచ్చాయి. ఇల్లు, స్కూలు, ఆస్పత్రి, క్లబ్బు, సెలవుల్లో విశ్రాంతి గృహాలు, అన్నీ కంపెనీయే చూసింది. గని కార్మికుడంటే మంచి జీతం, సభల్లో ముందు వరుస. కోహ్ట్లా-యార్వె ఊళ్లో ఇద్దరు కార్మికుల విగ్రహం ఉంది, దాని పేరు "పనికి జేజేలు" అని. ఆ ఊరు కూడా చిత్రమైనది, ఒక్కచోట ఉండదు. ఎక్కడ గని ఉంటే అక్కడో ముక్క, మధ్యలో అడవి, మళ్లీ కిలోమీటర్ల అవతల ఇంకో ముక్క, అన్నీ కలిపి ఒకే మున్సిపాలిటీ. మన సింగరేణి కాలనీలు తెలిసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. మనకీ ఊరి పేరు కంటే ఇంక్లైన్ (గనిలోకి దిగే ఏటవాలు దారి) నంబరుతోనే అడ్రసు చెప్పడం అలవాటు.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది, ఎస్తోనియా మళ్లీ స్వతంత్రమైంది. గనులు కొత్త దేశానికి వచ్చాయి, గనులతోపాటు ఆ మనుషులూ వచ్చారు. వాళ్లు వచ్చినప్పుడు ఇది వాళ్ల దృష్టిలో ఒకటే దేశం, ఇప్పుడు రాత్రికి రాత్రి వేరే దేశంలో ఉన్నారు, భాష రాదు. పౌరసత్వం కావాలంటే ఎస్తోనియన్ భాష పరీక్ష రాయాలి. చాలామందికి ఏ దేశ పౌరసత్వమూ లేకుండా బూడిద రంగు పాస్‌పోర్టు మిగిలింది, ఇప్పటికీ వేల మంది దగ్గర అదే ఉంది. నార్వాలో వందకి తొంభై మందికి పైగా ఇంట్లో మాట్లాడేది రష్యనే. ఎస్తోనియన్ల వైపు నుంచి చూస్తే వాళ్ల బాధా నిజమే. సొంత గడ్డ మీద సొంత భాష చిన్నబోయిన రోజులు వాళ్లు మర్చిపోలేరు, తెలుగువాడిగా నాకు అదీ అర్థమవుతుంది. కానీ భూమి కింద వీపు వంగేలా పనిచేసిన మనిషిని నువ్వు ఎవరివి అని అడగడం మాత్రం నాకు మింగుడు పడదు.

కంపెనీ విషయానికొస్తే, 2000 ప్రాంతంలో నార్వా పవర్ ప్లాంట్లలో 49 శాతం వాటా ఒక అమెరికా కంపెనీకి అమ్మాలని ప్రభుత్వం చాలా దూరం వెళ్లింది. జనం గట్టిగా వ్యతిరేకించారు. 2002 జనవరిలో ఆ ఒప్పందం రద్దయింది. గనుల కంపెనీ కూడా ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఏస్తి ఎనర్గియా కిందికి చేరింది, తర్వాత పేరు మారింది, ఎనెఫిట్ అన్న పేరుతో ఇప్పుడు నడుస్తోంది. పేర్లు ఎన్నిసార్లు మారినా యజమాని మాత్రం ప్రభుత్వమే. పక్కన ప్రైవేటు కంపెనీలు కూడా ఈ రాయి తవ్వి నూనె తీస్తున్నాయి, వాటి కథ వేరు. ఈ నైపుణ్యాన్ని ఏస్తి ఎనర్గియా జోర్డాన్ దాకా తీసుకెళ్లింది, అక్కడ అత్తారత్ అనే చోట చైనా, మలేషియా కంపెనీలతో కలిసి ఇలాంటి రాయితో నడిచే పవర్ ప్లాంటు కట్టారు.

గనులు మాత్రం ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. కోహ్ట్లా 2001లో, ఆయిదు (Aidu) అనే ఓపెన్ కాస్ట్ 2012లో, విరు గని 2013లో. భూమి కింద కంపెనీకి ఇప్పుడు మిగిలింది ఎస్తోనియా గని, 1972లో తెరిచింది. నార్వా వైపు ఓపెన్ కాస్ట్ ఉంది.

మూతబడిన చోటు ఎలా ఉంటుందో చూడాలని వీవికొన్నాకి వెళ్లాను. బస్సు దొరకడమే కష్టం, తెలిసినవాళ్ల కారులో పోయాం. గని కార్మికుల కోసం కట్టిన ఊరు. రెండంతస్తుల ఇళ్లు, గుమ్మాల దగ్గర స్తంభాలు, ముచ్చటపడి కట్టినవని తెలుస్తూనే ఉంది. ఇప్పుడు కిటికీల్లో అద్దాలు లేవు, ఒక మేడ మెట్ల మీద భూర్జ చెట్టు నా కంటే ఎత్తు పెరిగింది. ఒక్క ఇంటి ముందు మాత్రం బట్టలు ఆరేసి ఉన్నాయి, చిన్న పెరట్లో ఉల్లికాడలు, దోస తీగ ప్లాస్టిక్ కవరు కింద. ఒక పెద్దావిడ తలుపు దగ్గరికి వచ్చి చూసి, మేం తల ఊపితే తనూ తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. ఆమె అక్కడ ఎందుకు ఉండిపోయిందని నాకు అనుమానమే రాలేదు. ఇల్లెందులో బాయిలు తగ్గాక, క్వార్టర్లు ఖాళీ అయ్యాక కూడా కదలని ముసలివాళ్లు మా వీధిలో ఎంతమందో.

నీళ్ల సంగతి ఒకటి చెప్పకుండా పోలేను. ఒక ఘనపు మీటరు రాయి తీయాలంటే గనిలోంచి 14 నుంచి 18 ఘనపు మీటర్ల నీళ్లు తోడి పారేయాలి. రాత్రీ పగలూ పంపులు ఆగకూడదు. అలా తోడేస్తుంటే చుట్టుపక్కల పల్లెల్లో బావులు ఎండిపోయాయి. గని మూసేశాక నీళ్లు మళ్లీ నిండి, పాత గ్యాలరీలన్నీ చెరువులై నేల కింద ఉన్నాయి. పైన అడవిలో నడుస్తుంటే తెలియదు.

బూడిద ఇంకో బాధ. మన మామూలు బొగ్గుతో పోలిస్తే ఈ రాయి ఇచ్చే వేడి సగమే, కాల్చితే దాదాపు సగం బరువు బూడిదగా మిగిలిపోతుంది. నార్వా ప్లాంట్ల పక్కన బూడిద పీఠభూములు ఉన్నాయి, దూరం నుంచి మంచు అనుకుంటారు. వాటి మధ్య నీళ్లు నీలంగా, మెరుస్తూ, ఫొటోల్లో బీచ్‌లా కనిపిస్తాయి, కానీ సున్నపు క్షారం, ముట్టుకోకూడదు. ఒక పాత బూడిద మైదానం మీద 2012లో 17 గాలిమరలు పెట్టారు. కుక్రుసె దగ్గర పాత కుప్ప ఒకటి లోపల్లోపల దశాబ్దాలపాటు రగులుతూనే ఉంది. గాలి కూడా అంతే. ఇంత చిన్న దేశం తలసరి కార్బన్ లెక్కలో యూరప్‌లో ఎప్పుడూ పై వరుసలోనే ఉంటూ వచ్చింది, కారణం ఈ రాయే.

కాబట్టి ఆపాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ ఎప్పుడు, ఎలా అన్నదే అసలు ప్రశ్న, ఆ ప్రశ్న ఇక్కడ నా కళ్ల ముందే నలిగింది. 2021లో ప్రభుత్వం తారీఖులు చెప్పింది, ఈ రాయితో కరెంటు 2035కల్లా, నూనె 2040కల్లా ఆపేస్తామని. ఆ మరుసటి ఏడాదే రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. 2022 ఆగస్టు 17 సాయంత్రం ఒక గంటపాటు ఇక్కడ కరెంటు ధర మెగావాట్ అవర్‌కి, అంటే మన లెక్కలో వెయ్యి యూనిట్లకి, 4000 యూరోలు తాకింది. ఆఫీసులో అందరం ఫోన్లలో ఆ గ్రాఫ్ చూసి, ఇంటికి ఫోన్ చేసి వాషింగ్ మెషిన్ వేయొద్దని చెప్పుకున్నాం. ఆ ఏడాది మూతపడతాయనుకున్న పాత ప్లాంట్లు మళ్లీ ఊపిరి పోసుకున్నాయి. 2024 డిసెంబర్ 25న ఫిన్లాండ్ నుంచి వచ్చే సముద్రపు కేబుల్ ఒకటి తెగింది. 2025 ఫిబ్రవరి 8న మూడు బాల్టిక్ దేశాలూ (ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా) రష్యా గ్రిడ్ నుంచి విడిపోయి, మర్నాడు యూరప్ గ్రిడ్‌లో కలిశాయి. ముందు రోజు నేను కొవ్వొత్తులు, మంచినీళ్ల సీసాలు కొని, పవర్ బ్యాంకులు నింపి పెట్టుకున్నాను, ఇంట్లో చిన్నపాప ఉంది, టెన్షన్ ఉండదా. లైటు ఒక్కసారి కూడా మినుకుమనలేదు. ఇలాంటి రోజుల్లో సొంత నేలలో దొరికే ఇంధనం చేతిలో ఉండటం ఎంత ధైర్యమో ఈ దేశానికి తెలుసు. అందుకే ఇక్కడ కొందరు ఆ రాయిని తిట్టుకుంటూనే మనసులో దణ్ణం పెట్టుకుంటారు.

ఈ మార్పు కోసం యూరోపియన్ యూనియన్ ఈదా-విరుమాకి 35 కోట్ల యూరోలకు పైగా కేటాయించింది, కార్మికులకి వేరే పని నేర్పడానికి, కొత్త ఫ్యాక్టరీలు రావడానికి. నార్వాలో అయస్కాంతాల ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, పాతికేళ్లు భూమి కింద యంత్రం నడిపినవాడు, అయస్కాంతాల ఫ్యాక్టరీలో రేపు చేరిపోతాడా? అంత సులువు కాదు. జీతం తగ్గుతుంది, భాష అడ్డం వస్తుంది, అన్నిటికంటే ముందు ఇన్నాళ్లూ తను చేసింది దేశానికి అవసరమైన పని అన్న నమ్మకం పోతుంది. నా అభిప్రాయం అడిగితే, ప్రభుత్వమే పిలిచి, ప్రభుత్వమే ఊళ్లు కట్టి, ప్రభుత్వమే తవ్వించినప్పుడు, ఆపే రోజు కూడా ప్రభుత్వమే ముందుగా చెప్పాలి, వాళ్లకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఎస్తోనియా మొదటిది చేసింది. రెండోది ఇంకా సరిగా చేయలేదని నార్వాలో నేను మాట్లాడిన వాళ్లందరూ అన్నారు.

సింగరేణిలో ఒకప్పుడు లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు, ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. దసరాకి లాభాల వాటా ప్రకటిస్తే బజారంతా కళకళలాడే ఊళ్లు మావి. ఆ ఊళ్ల గురించి 2040 అన్న అంకె పెట్టి ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మ్యూజియం పెద్దాయన ఇచ్చిన రాయి ముక్క పట్టుకెళ్లాను. నాన్న దాన్ని చేతిలో ఎగరేసి బరువు చూశారు, వాసన చూశారు, గవ్వ అచ్చు మీద బొటనవేలు పెట్టి రుద్దారు. సాయంత్రం ఆయనతో పనిచేసిన నలుగురు వచ్చారు, అందరూ రిటైర్డ్. వాకిట్లో ఇటుక మీద పెట్టి ఒక అంచుకి మంట పెట్టారు. రెండు అగ్గిపుల్లలు వృథా అయ్యాయి, మూడోదానికి అంటుకుంది. అందరూ వంగి చూస్తున్నారు.

"ఆ బాయి ఇంకెన్నేండ్లు నడుస్తదంట?" ఒకాయన అడిగారు.

కరెంటుకి 2035, నూనెకి 2040 అని చెప్పారు బాబాయ్ అన్నాను.

"తారీఖు చెప్పిండ్రా!" అన్నారు. ఆ మాట ఆయన ఇంకోసారి కూడా అన్నారు, పక్కనున్నాయన వైపు తిరిగి.

మంట ఆరిపోయాక చూస్తే రాయి మాయం కాలేదు. కాలిన అంచు ఉన్నంతే ఉంది, రంగు మాత్రం తెల్లబడింది, ముట్టుకుంటే పొడి పొడిగా రాలింది. అమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి, ఆ బూడిద గిన్నెలు తోమడానికి పనికొస్తుందా అని అడిగింది. వద్దమ్మా, దాంట్లో సున్నం ఎక్కువ, చేతులు పొక్కుతాయి అని చెప్పాను.